ముందు ప్రశ్న, ఆ తర్వాతే కాలేజీ

మీరు ఇప్పుడు వింటున్న ఈ మాట ఒక గదిలోంచి వస్తోంది. ఆ గది గోడలకు చిల్లుల పలకలు బిగించి ఉన్నాయి. నేల మీద మందంగా కార్పెట్ పరిచి ఉంది. లోపలికి రావాలంటే ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు దాటాలి. ఇవేవీ అందానికి పెట్టినవి కావు. తలుపులు బయటి చప్పుడును ఆపుతాయి; పలకలు, కార్పెట్ లేకపోతే నా గొంతు గోడకు తగిలి వెనక్కి వచ్చి, ముందు మాట ఆగకముందే వెనక మాట దాని మీద పడి, మీకు ఏదీ సరిగ్గా తెలిసేది కాదు.

ఈ సంగతిని మొదట కొలిచి చూపించినవాడు వాలెస్ సాబిన్. 1895లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ మ్యూజియం కొత్తగా తెరిచారు. అందులోని ఉపన్యాస మందిరం చూడ్డానికి బాగానే ఉంది, కానీ అక్కడ పాఠం చెబితే ఎవరికీ అర్థమయ్యేది కాదు. ఒక శబ్దం పుడితే ఐదున్నర సెకన్ల దాకా మోగుతూనే ఉండేది. భౌతికశాస్త్రం చెప్పే యువ అధ్యాపకుడు సాబిన్‌కి దీన్ని బాగుచేసే పని అప్పగించారు. ఆయన రాత్రిళ్ళు, ఊరి చప్పుడు సద్దుమణిగాక, దగ్గర్లోని సాండర్స్ థియేటర్ నుంచి కుర్చీల మెత్తలు మోయించుకొచ్చేవాడు. కొన్ని మెత్తలు పరిచి, ఆర్గాన్ గొట్టం మోగించి, ఆ శబ్దం చెవికి అందకుండా పోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకునేవాడు. ఇంకొన్ని మెత్తలు పరిచి మళ్ళీ మోగించేవాడు. తెల్లారేసరికి మెత్తలన్నీ ఎక్కడివక్కడ సర్దేయాలి. అలా ఏళ్ళ తరబడి చేశాక లెక్క తేలింది. గది ఎంత పెద్దది, అందులోని వస్తువులు ధ్వనిని ఎంత పీల్చుకుంటాయి, మోత ఆగడానికి ఎంతసేపు పడుతుంది, ఈ మూడింటికీ ఉన్న సంబంధం ఒక సూత్రంగా కుదిరింది. 1900లో తెరిచిన బోస్టన్ సింఫనీ హాల్‌కు ఆ లెక్కే ఆధారం. రేడియో స్టూడియోకైనా, సినిమా హాలుకైనా, పిల్లల తరగతి గదికైనా ఈనాటికీ లెక్క అక్కడే మొదలవుతుంది.

ఇంటీరియర్ డిజైన్‌లో పోస్ట్‌గ్రాడ్యుయేషన్ గురించి చెప్పబోతూ సాబిన్‌ని తలుచుకోవడానికి కారణం ఉంది. గది మనిషికి ఏదో ఒకటి చేస్తుంది, మేలో కీడో. దాన్ని దగ్గర కూర్చుని చూడవచ్చు, కొలవవచ్చు, మార్చవచ్చు. మార్చాక నిజంగా మేలు జరిగిందా అని మళ్ళీ కొలిచి తేల్చుకోవచ్చు. పీజీలో రెండేళ్ళూ నేర్చుకునేది ఈ పనే.

ఏటా ఎండాకాలం వచ్చేసరికి, డిగ్రీ చివరి పరీక్షలు అయిపోగానే, పిల్లల్ని వెంటబెట్టుకుని తల్లిదండ్రులు నేను పాఠాలు చెప్పే డిజైన్ కాలేజీకి వస్తుంటారు. వాళ్ళడిగే ప్రశ్న ఇంచుమించు ఒకటే. "మేడమ్, నాలుగేళ్ళు చదివింది కదా. సోఫాలు, కర్టెన్లు, ఫాల్స్ సీలింగ్... వీటికి ఇంకో రెండేళ్ళ చదువు కావాలంటారా? మా వీధిలో కార్పెంటర్ ఫోన్‌లో బొమ్మ చూపిస్తే అచ్చం అలాగే చేసి పెడుతున్నాడు." ఇది సరైన ప్రశ్న. లక్షల్లో ఫీజు కట్టేవాళ్ళు అడిగి తీరాల్సిన ప్రశ్న. దీనికి సూటిగా జవాబు చెప్పడానికే ఈ వేళ మీ ముందుకు వచ్చాను.

ముందుగా డిగ్రీకీ పీజీకీ ఉన్న తేడా చూద్దాం. బీ.డెస్‌లోనో బీ.ఆర్క్‌లోనో పిల్లలు గీయడం నేర్చుకుంటారు. ఏ కలప ఏ పనికి ఆగుతుంది, ప్లైవుడ్‌కి అంచు ఎలా కట్టాలి, కరెంటు పాయింట్లు, నీళ్ళ గొట్టాలు ఎక్కడెక్కడ రావాలి, వర్కింగ్ డ్రాయింగ్ ఎలా వేస్తే మేస్త్రీకి సందేహం రాదు, ఎస్టిమేట్ ఎలా కట్టాలి, ఇవన్నీ వంటబడతాయి. ఒక పని ఇస్తే చేసుకుని రాగలుగుతారు. మంచి ఆఫీసులో కుదురుకుని, సైట్‌లో నాలుగు దెబ్బలు తిని నేర్చుకుంటే ఇళ్ళు, షోరూములు, ఆఫీసులు చక్కగా చేసి పెట్టి గౌరవంగా బతకవచ్చు. అదే కోరుకునేవాళ్ళకు పీజీ అవసరం లేదని నేను తల్లిదండ్రులకు ముఖం మీదే చెబుతాను.

పీజీలో పరిస్థితి వేరు. మామూలుగా రెండేళ్ళు, నాలుగు సెమిస్టర్లు. స్టూడియో ఉంటుంది, పరిశోధనా పద్ధతుల పాఠం ఉంటుంది, సెమినార్ ఉంటుంది, చివర్లో థీసిస్ ఉంటుంది. డిగ్రీలో టీచర్ సమస్య ఇచ్చి పరిష్కారం అడుగుతారు. ఇక్కడ సమస్య ఏమిటో విద్యార్థే పట్టుకోవాలి. జ్యూరీలో గోడకు షీట్లు అంటించి నిలబడితే, ఎంత బాగా గీశావని ఎవరూ మెచ్చుకోరు. ఇక్కడ ఇలా పెట్టాలని నీకెలా తెలిసింది, ఎవరిని అడిగావు, ఎన్నాళ్ళు చూశావు, నువ్వు అనుకున్నది తప్పు కాదని ఎలా రుజువు చేస్తావు అని నిలదీస్తారు. ఆ ప్రశ్నలకు జవాబు చెప్పలేక మొదటి సెమిస్టర్‌లో కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లలు, నాలుగో సెమిస్టర్ వచ్చేసరికి తమంతట తామే ఆ ప్రశ్నలు వేసుకోవడం చూస్తుంటాను. చదువు వంటబట్టిందని నాకు తెలిసేది అప్పుడే.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. ఒక విద్యార్థిని థీసిస్‌కి పెద్దాసుపత్రి ఓపీ హాలు ఎంచుకుంది. మొదటి రోజు కంప్యూటర్ తీయవద్దని, కొత్త కుర్చీల బొమ్మలు వెతకవద్దని చెప్పాం. హాలు ప్లాన్ ఒక కాగితం మీద గీసుకుని, పొద్దున్న ఏడింటికి వెళ్ళి ఒక మూల కూర్చోమన్నాం. పావుగంటకోసారి ఎవరెక్కడ కూర్చున్నారు, ఎవరెక్కడ నిలబడ్డారు అని ఆ కాగితం మీద చుక్కలు పెట్టాలి. వారం తిరిగేసరికి ఆ చుక్కలు కథ చెప్పడం మొదలుపెట్టాయి. హాలు మధ్యలో వరసగా వేసిన ఇనుప కుర్చీలు సగం ఖాళీ. జనమంతా డాక్టర్ గది తలుపు దగ్గర గోడకానుకుని నిలబడి ఉన్నారు. కుర్చీలో కూర్చుంటే పిలుపు వినబడదని, చీటీ మీద నంబరు దాటిపోతుందని వాళ్ళ భయం. తూర్పు కిటికీ పక్కన కుర్చీలు పదింటిదాకా ఎండలో కాగుతున్నాయి, అటు ఎవరూ పోవడం లేదు. మెట్ల కింద నీడలో పల్లెల నుంచి వచ్చినవాళ్ళు దుప్పటి పరిచి, టిఫిన్ క్యారియర్ విప్పి, మంచాన పడ్డ మనిషికి తోడుగా అక్కడే రోజులు గడుపుతున్నారు. చంటిపిల్లల తల్లులు పాలివ్వడానికి చోటు లేక గోడవైపు తిరిగి కూర్చుంటున్నారు.

ఇవన్నీ తెలిశాక ఆ హాలుకు కావలసింది కొత్త కుర్చీలు కాదని తేలిపోయింది. పిలుపు ఏ మూలకైనా వినిపించాలి, కనిపించాలి. రోగి వెంట వచ్చినవాళ్ళు నడుం వాల్చడానికి, తినడానికి ఒక చోటు ఉండాలి. తల్లులకు చాటు కావాలి. ఎండ ఎప్పుడు ఎక్కడ పడుతుందో చూసి కూర్చునే చోటు మార్చాలి. ఖర్చు చూస్తే కొత్త కుర్చీలకంటే తక్కువ. ఈ జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. అక్కడ కూర్చుని చూసినవాళ్ళకే దొరుకుతుంది.

ఆసుపత్రి గదుల మీద ఇలాంటి ఆలోచనకు బలమిచ్చిన పరిశోధన ఒకటుంది. 1984లో రోజర్ ఉల్‌రిచ్ అనే పరిశోధకుడు 'సైన్స్' పత్రికలో ఒక చిన్న వ్యాసం రాశారు. అమెరికాలో పెన్సిల్వేనియాలోని ఒక ఆసుపత్రిలో పిత్తాశయం ఆపరేషన్ అయినవాళ్ళ రికార్డులు ఆయన తిరగేశారు. వయసు, ఆరోగ్యం వంటివి సరిపోయేలా 46 మందిని 23 జతలుగా చేశారు. ప్రతి జతలోనూ ఒకరి కిటికీలోంచి చెట్లు కనబడతాయి, రెండోవారి కిటికీలోంచి ఇటుక గోడ కనబడుతుంది. చెట్లు కనబడ్డవాళ్ళు త్వరగా ఇంటికి వెళ్ళారు. నొప్పికి వాళ్ళు వాడిన బలమైన మందులూ తక్కువే. ఆ వ్యాసం వచ్చాక ఆసుపత్రి లోపలి అమరిక కూడా వైద్యంలో భాగమేనని వాదించడానికి ఒక ఆధారం దొరికింది. పీజీ విద్యార్థి ఇలాంటి వ్యాసాలు చదివి ఊరుకుంటే చాలదు. 46 మంది సరిపోతారా, అమెరికాలో తేలింది మన వార్డుల్లో నిలుస్తుందా, ముప్ఫై మంది ఉండే హాలులో కిటికీ ఎవరికి దక్కుతుంది అని ఎదురు ప్రశ్నలు వేయాలి.

ఇక ఇంట్లోకి వద్దాం. మన అపార్ట్‌మెంట్ల వంటగదుల్లో గట్టు ఎత్తు ఎంత? మేస్త్రీని అడగండి, ముప్ఫై నాలుగు నుంచి ముప్ఫై ఆరు అంగుళాలు అంటాడు. ఎందుకంత అని అడిగితే, అంతే పెడతామండీ అంటాడు. ఇందులో అతని తప్పేమీ లేదు. ఆ కొలత అతనికి ఎక్కడినుంచో వచ్చింది. ఇరవయ్యో శతాబ్దంలో గదులకు కొలతలు రాసిపెట్టిన పెద్ద పుస్తకాల్లో చాలావరకు యూరప్‌లో, అమెరికాలో పుట్టాయి. ఎంతో పేరున్న ఆర్కిటెక్ట్ లె కార్బూజియే తన 'మాడ్యులోర్' కొలతల పద్ధతిని 1.83 మీటర్ల మనిషి మీద, అంటే ఆరడుగుల మగవాడి మీద కట్టాడు. మన దేశంలో ఆడవాళ్ళ సగటు ఎత్తు 152 సెంటీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది, అంటే ఐదడుగులు.

ఐదడుగుల మనిషి నిలబడితే మోచేయి సుమారు ముప్ఫై ఎనిమిది అంగుళాల ఎత్తులో ఉంటుంది. కూరలు తరగడానికి, పిండి కలపడానికి గట్టు మోచేతికంటే నాలుగు నుంచి ఆరు అంగుళాలు కిందుగా ఉంటే భుజం మీద బరువు పడదు. అంటే ముప్ఫై రెండు, ముప్ఫై నాలుగు మధ్య. ఇప్పుడు ముప్ఫై ఆరు అంగుళాల గట్టు మీద నాలుగైదు అంగుళాల ఎత్తున్న స్టవ్ పెట్టండి. స్టవ్ మీద పప్పు గిన్నె పెట్టండి. గిన్నెలో గరిట తిప్పాలంటే చెయ్యి భుజం దాకా లేస్తుంది. ఇలా రోజుకు మూడుపూటలా, ముప్ఫై నలభై ఏళ్ళు. మన అమ్మలు భుజం నొప్పి అంటే వయసు మీద పడిందనుకుంటాం. గట్టును ఎవరూ అనుమానించరు. అనుమానించడం నేర్పేది ఈ చదువు.

దీన్ని పట్టించుకున్నవాళ్ళు లేకపోలేదు. 1926లో ఆస్ట్రియాకు చెందిన ఆర్కిటెక్ట్ మార్గరెటే షుట్టె-లిహోట్స్కీ జర్మనీలో కార్మికుల ఇళ్ళ కోసం ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది తయారుచేసింది. వంటమనిషి వేసే ప్రతి అడుగునూ లెక్కపెట్టి, ఇంచుమించు రెండు మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల పొడవులో అన్నీ చేతికందేలా అమర్చింది. అలాంటివి సుమారు పదివేలు కట్టారు. ఇప్పుడు మనం మాడ్యులర్ కిచెన్ అంటున్నదానికి ముత్తవ్వ అది. మన దేశంలో దేబ్‌కుమార్ చక్రవర్తి భారతీయుల శరీర కొలతలను సేకరించి తయారుచేసిన పుస్తకాన్ని 1997లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్.ఐ.డి.) ప్రచురించింది. డిజైన్ చదివే ప్రతి పిల్లా పిల్లవాడి బల్ల మీదా ఉండాల్సిన పుస్తకం అది. హైదరాబాద్ సైఫాబాద్‌లో ఇప్పుడు కమ్యూనిటీ సైన్స్ కాలేజీ అంటున్న పాత హోమ్ సైన్స్ కాలేజీ లాంటి చోట్ల ఆడవాళ్ళు వంగి, కూర్చుని, మోసి చేసే పనులను శాస్త్రీయంగా చూసే చదువు ఎన్నో ఏళ్ళుగా ఉంది. ఇంటీరియర్ డిజైన్ చదివేవాళ్ళు ఆ గడప తొక్కడం తక్కువ. తొక్కాలని నా కోరిక.

కంటికి కనబడని సంగతులూ ఉన్నాయి. కొత్తగా చేయించిన వార్డ్‌రోబ్ తలుపు తీయగానే ముక్కు పుటాలకు తగిలి కళ్ళు మండించే వాసన మీకు తెలుసు. ప్లైవుడ్‌లో, ఎం.డి.ఎఫ్.లో పొరలను, పొట్టును పట్టి ఉంచే జిగురులోంచి ఫార్మాల్డిహైడ్ అనే వాయువు నెలల తరబడి మెల్లగా బయటికి వస్తుంటుంది. దాన్ని 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. తక్కువ వాయువు వదిలే పలకలకు ఇ-1, ఇ-0 అని గుర్తులుంటాయి. కొనేముందు ఆ గుర్తు అడగాలని, తలుపులు బిగించిన ఏసీ పడకగదిలో పసిపిల్లల్ని పడుకోబెట్టే ముందు గాలి ఆడనివ్వాలని ఇంటివాళ్ళకు ఎవరు చెప్పాలి? డిజైనరే చెప్పాలి. చెప్పాలంటే తెలిసి ఉండాలి.

బాత్రూమ్ తలుపు సంగతీ అంతే. చక్రాల కుర్చీ ఇబ్బంది లేకుండా పోవాలంటే తలుపు దగ్గర 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి, లోపల పూర్తిగా తిరగాలంటే 1500 మిల్లీమీటర్ల చోటు ఉండాలి. మన ఫ్లాట్లలో రెండున్నర అడుగుల బాత్రూమ్ తలుపు మామూలు. నాన్నగారికి పక్షవాతం వచ్చిన రోజున ఆ ఇంటి డిజైన్‌కి నిజమైన పరీక్ష.

సరే, ఈ చదువు ఎక్కడుంది? అహ్మదాబాద్‌లోని సెప్ట్ విశ్వవిద్యాలయం పేరు ముందు చెప్పాలి. 1962లో బాలకృష్ణ దోషీ అక్కడ ఆర్కిటెక్చర్ స్కూలు పెట్టారు. ఆయనకు 2018లో ప్రిట్జ్కర్ బహుమతి వచ్చింది. ఆ సంస్థలోనే 1991లో ఇంటీరియర్ డిజైన్‌కు విడిగా స్కూలు వచ్చింది. అదే ఊళ్ళో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ ఉంది, 1961లో మొదలైంది. అక్కడ ఫర్నిచర్, ఇంటీరియర్ డిజైన్ కలిపి ఎం.డెస్ చదవవచ్చు, దానికి సొంత ప్రవేశ పరీక్ష ఉంది. ఐఐటీల్లో డిజైన్ పీజీ కోసం సీడ్ పరీక్ష రాయాలి, దాన్ని ఐఐటీ బొంబాయి నిర్వహిస్తుంది. మన ఐఐటీ హైదరాబాద్‌లోనూ డిజైన్ విభాగం ఉంది. అక్కడ ఇంటీరియర్ అని విడిగా పేరు ఉండకపోయినా మనిషి కేంద్రంగా ఆలోచించే పద్ధతి నేర్చుకోవచ్చు. బీ.ఆర్క్ చదివినవాళ్ళకు కొన్ని కాలేజీల్లో ఇంటీరియర్స్‌లో ఎం.ఆర్క్ ఉంది. ఇంజనీరింగ్, ఫైన్ ఆర్ట్స్ నుంచి వచ్చేవాళ్ళకు ఎం.డెస్ దారి తెరిచి ఉంటుంది.

విదేశాలకు వెళ్ళదలచినవాళ్ళు పేరు కాక పాఠ్యాంశం చూసి ఎంచుకోవాలి. లండన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్ట్, ఇటలీలో మిలాన్ పాలిటెక్నిక్ పేరున్న చోట్లు. అమెరికాలో రోడ్ ఐలండ్ స్కూల్ ఆఫ్ డిజైన్‌లో పాత కట్టడాలను కొత్త అవసరాలకు మలచడం మీదనే ప్రత్యేకంగా పీజీ నడుపుతున్నారు. మన ఊళ్ళల్లో మూతపడ్డ సినిమా హాళ్ళు, పాడుబడ్డ రైస్ మిల్లులు, పొగాకు బేరన్లు ఎన్ని ఉన్నాయో తలుచుకుంటే, ఆ చదువు మనకెంత పనికొస్తుందో తెలుస్తుంది. అమెరికాలోనూ కెనడాలోనూ చదువు అయ్యాక కొన్నాళ్ళు పనిచేసి ఎన్.సి.ఐ.డి.క్యూ. అనే పరీక్ష రాసే పద్ధతి ఉంది. అక్కడే స్థిరపడాలనుకునేవాళ్ళు చేరేముందే దాని వివరాలు కనుక్కోవాలి.

మన దేశంలో చట్టం సంగతి కూడా తల్లిదండ్రులకు తెలియాలి. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం నమోదు చేసుకోనివాళ్ళు ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టుకోకూడదు. ఇంటీరియర్ డిజైనర్లకు అలాంటి చట్టం లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. కాబట్టి పీజీ పట్టా తెచ్చుకుంటే పని దానంతటదే నడిచి వస్తుందని ఆశపడకండి. పట్టా గోడకే ఉంటుంది. కస్టమర్ ఎదుట నిలబడినప్పుడు మీకు తెలిసినదే మీ పట్టా. ఆసుపత్రులు, బడులు, మ్యూజియంలు, వృద్ధాశ్రమాలు, పెద్ద ఆఫీసుల పనులు చేసే సంస్థల్లో, కాలేజీల్లో, పరిశోధనలో పీజీ చదివినవాళ్ళ అవసరం కనబడుతుంది. ఎందుకంటే అక్కడ తప్పు జరిగితే దాని బరువు వందలమంది మీద పడుతుంది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. పీజీ చేద్దామనుకునే పిల్లలు ముందుగా కాలేజీల జాబితా రాసుకుంటారు. ర్యాంకులు చూస్తారు, హాస్టల్ చూస్తారు, ప్లేస్‌మెంట్లు చూస్తారు. నేను చెప్పేది, ముందు ప్రశ్న వెతుక్కోండి. ఏ గది మిమ్మల్ని బాధపెట్టింది? ఏ గదిలో మనుషులు ఇబ్బంది పడుతుంటే మీరు చూసి ఊరుకోలేకపోయారు? ఆ ప్రశ్న చేతిలో ఉంటే దానికి ఏ గురువు దగ్గర, ఏ వర్క్‌షాపులో, ఏ ఊళ్ళో జవాబు దొరుకుతుందో వెతకడం సులువు. ప్రశ్న లేకుండా వెళ్తే ఎంత గొప్ప కాలేజీ అయినా డిగ్రీ పాఠాలకే ఇంకొంచెం మెరుగు పెట్టి పంపుతుంది.

ఎన్.ఐ.డి. పుట్టుకలోనే ఈ పాఠం ఉంది. 1958లో అమెరికన్ డిజైనర్లు చార్ల్స్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వం పిలుపు మీద దేశమంతా తిరిగి ఒక నివేదిక రాశారు, ఆ సంస్థకు అదే పునాది. తాము చూసినవాటిలో మన చెంబును వాళ్ళు ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. మెచ్చుకుని ఊరుకోకుండా ప్రశ్నల వరస కట్టారు. ఎన్ని నీళ్ళు పట్టాలి, పట్టుకునే చెయ్యి ఎవరిది, ఎంత పెద్ద చెయ్యి, నెత్తిన మోస్తారా, చంకన మోస్తారా, నిండుగా ఉన్నప్పుడు బరువు ఎటు వాలుతుంది, ఖాళీగా ఉన్నప్పుడు ఎటు వాలుతుంది, ఎలా తోముతారు, ఎలా ఒంపుతారు. ఒక్క చెంబు వెనక ఇన్ని ప్రశ్నలుంటే ఒక ఇంటి వెనక ఎన్ని ఉండాలి!

మన నేల మీద అలాంటి ప్రశ్నలు కోకొల్లలు. యాదాద్రి జిల్లా ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి పేరు మీరు వినే ఉంటారు. పోచంపల్లి చీరకు ఆసు పోయడమంటే, అంటే నేతకు ముందు నూలును పేర్చడమంటే, ఒక్క చీరకే కొన్నివేల సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాలి. తల్లి లక్ష్మి గారు భుజం నొప్పితో బాధపడటం చూడలేక ఆయన ఏళ్ళ తరబడి తంటాలుపడి 1999లో ఆసుయంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి ఆయన. ఇంట్లో రోజూ కళ్ళముందు జరిగే పనిని ఓపిగ్గా చూశారు, ఎక్కడ నొప్పి పుడుతోందో పట్టుకున్నారు. పీజీ చదువు కష్టపడి నేర్పాలనుకునే చూపు అది.

అదే నేత ఇంటిని ఒక డిజైన్ విద్యార్థి కళ్ళతో చూడండి. గుంట మగ్గం ముందుగదిలోనే ఉంటుంది. నేత నేసేవారు నేల మట్టాన కూర్చుని కాళ్ళు గుంటలో పెట్టి తొక్కుతుంటారు. వానాకాలంలో గుంటలోకి నీరు ఊరితే పని ఆగిపోతుంది, ఆ రోజుల కూలి పోతుంది. నూలుకు కాస్త తేమ కావాలి, కంటికి వెలుతురు కావాలి, పక్కనే పిల్లలు చదువుకోవాలి, అక్కడే చుట్టాలు వచ్చి కూర్చోవాలి. పక్కా ఇల్లు కట్టుకున్నప్పుడు మగ్గానికి చోటెక్కడ అన్న ప్రశ్నకు జవాబు ముందే ఆలోచించకపోతే, ఇల్లు వచ్చింది కానీ బతుకుతెరువు వీధిన పడింది అన్నట్టవుతుంది. ఒక థీసిస్‌కి ఇంతకంటే ఏం కావాలి?

సెప్ట్‌లోని హస్తకళల పరిశోధన కేంద్రం, ఇంగ్లండ్‌లోని ఒక దక్షిణాసియా కళల ట్రస్టుతో కలిసి, గుజరాత్, రాజస్థాన్ వంటి వాయవ్య రాష్ట్రాల ఇళ్ళలోని పాత సామాను మీద ఊరూరా తిరిగి పరిశోధన చేసింది. పెట్టెలు, మంచాలు, ఉయ్యాలలు, ధాన్యం దాచుకునే గాదెలు, ఒక్కొక్కదాని కొలతలు తీసి, బొమ్మలు గీసి, ఎవరు ఎలా వాడతారో రాసి పుస్తకాలుగా తెచ్చింది. మన భోషాణాలు, పట్టెమంచాలు, ఉయ్యాల బల్లలు, అటకలు, గోడ గూళ్ళు, ఉట్లు కూడా అలాంటి శ్రద్ధకోసం చూస్తున్నాయి. గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు ఏటికేడు నేలమట్టమవుతున్నాయి. నాలుగు వైపులా వసారాలు, నడుమ ఆకాశం కనిపించే ఆ ఇంట్లో మిట్టమధ్యాహ్నం ఎంత వేడి ఉంటుంది, పక్కన కొత్తగా లేచిన స్లాబు ఇంట్లో ఎంత ఉంటుంది? రెండు ఇళ్ళలో రెండు థర్మామీటర్లు పెట్టి ఏడాదిపాటు రాసుకునే ఓపిక ఉంటే అది చక్కని పరిశోధన. ఏటికొప్పాక లక్క పనివాళ్ళు, పెంబర్తి ఇత్తడి పనివాళ్ళు, నిర్మల్ చిత్రకారులు బొమ్మలకూ జ్ఞాపికలకూ మించి ఈనాటి ఇంటి తలుపుకు, దీపానికి, కుర్చీకి పని చేయగలిగే దారి చూపడం ఇంకో పరిశోధన.

ఇక ఆచరణకు పనికొచ్చే నాలుగు మాటలు. డిగ్రీ అవగానే పీజీకి పరుగెత్తకండి. ఏడాదో రెండేళ్ళో సైట్‌లో పని చేయండి. కార్పెంటర్‌తో, పెయింటర్‌తో, ఇల్లు కట్టుకునే ఇల్లాలితో మాట్లాడండి. ప్రశ్నలు అక్కడే పుడతాయి. పోర్ట్‌ఫోలియోలో మెరిసే కంప్యూటర్ బొమ్మలు తగ్గించి, మీరు కొలిచిన కొలతలు, కొట్టేసిన గీతలు, మనసు మార్చుకున్న కారణాలు పెట్టండి. ఎంపిక చేసేవాళ్ళు వెతికేది మీ ఆలోచన నడిచిన దారిని. చేరేముందు ఆ కాలేజీలో గత రెండు మూడేళ్ళ థీసిస్‌లు చూపించమని అడగండి. చూపించడానికి వెనకాడితే అక్కడ పరిశోధన ఏపాటిదో తెలిసిపోతుంది. వర్క్‌షాపులో పనిముట్లు వాడకంలో ఉన్నాయా, తాళం వేసి ఉన్నాయా చూడండి. అప్పు చేసి వెళ్ళేవాళ్ళు అప్పు తీర్చే లెక్క కూడా ముందే వేసుకోండి.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. మీ అమ్మాయో అబ్బాయో ఈ చదువు చదువుతానంటే, ఎంత సంపాదిస్తావని తప్పక అడగండి. దాంతోపాటు ఏ గదిని, ఎవరి కోసం బాగుచేస్తావని కూడా అడగండి. దానికి తడుముకోకుండా జవాబు చెబితే ఫీజు కట్టడానికి వెనకాడకండి. చెప్పలేకపోతే కోప్పడకండి, ఇంకో ఏడాది సమయమివ్వండి.

విద్యార్థులారా, ఈ వారమే మొదలుపెట్టండి. మీ ఊరి అంగన్‌వాడీకో, బస్‌స్టాండ్ వెయిటింగ్ హాలుకో, మీ ఇంటి వంటగదికో ఒక టేపు, ఒక నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళండి. అడిగి అనుమతి తీసుకుని, ఒక మూల కూర్చుని పూటంతా చూడండి. ఎవరు ఎక్కడ వంగుతున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఎక్కడ విసుక్కుంటున్నారు రాసుకోండి. ఎత్తులు, వెడల్పులు కొలవండి. రాసిన పేజీల్లోంచి ఒక్క ప్రశ్న తీసి, దాన్ని మీ దరఖాస్తులో మొదటి వాక్యంగా పెట్టండి. మన బడులకు, ఆసుపత్రులకు, నేత ఇళ్ళకు, పెద్దవాళ్ళున్న ఇళ్ళకు అలాంటి ప్రశ్నలు వేసే డిజైనర్లు కావాలి. ఆ పనికి రెండేళ్ళ చదువు ఎక్కువేమీ కాదు.